మగ్గం కోసం గీసిన రెండు బోర్డులు

సర్క్యూట్ బోర్డు గీయాలనుకుంటే ముందు ఆ బోర్డు ఉండబోయే చోటికి పోయి కాసేపు నిలబడాలి. పైన రేకులా, మిద్దెనా చూడాలి. గోడమీద వేలితో గీసి దుమ్ము ఎంత అంటుతుందో చూడాలి. కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయి వస్తుందో ఆ ఇంటి ఆడవాళ్ళను అడగాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్న తరువాతే కంప్యూటరు తెరవాలి.

ఇది నాకు మా మగ్గం గది నేర్పింది. మా ఊరు ధర్మవరానికి బస్సులో అరగంట. ఊళ్ళో సగం ఇళ్ళలో పట్టుమగ్గాలే. ఆ ఇళ్ళ ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "అక్కా, నువ్వు బడికే పోలేదంట గదా, బోర్డులు గీసేది యాడ నేర్చుకున్నావు?" అని అడుగుతున్నారు. వాళ్ళకు చెప్పాలంటే నా రెండు బోర్డుల సంగతీ చెప్పాలి. మొదటి బోర్డు నా భర్త రెండు వేళ్ళను నలగ్గొట్టింది. ఆయన మళ్ళీ మగ్గంలో కూర్చుంటాడా, మగ్గం విప్పేసి జీన్స్ పనికి రాయదుర్గం పోతాడా అన్నది రెండో బోర్డు తేల్చాల్సి వచ్చింది. నోటితో చెప్పబోతే మధ్యలో నాకు మాట ఆగిపోతుంది. ఏడుపేమీ రాదు. ఏమీ రాదు. అందుకని రాస్తున్నాను.

చదువు నాకు నాయన చెప్పాడు. చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. బడిలో పడిపోతే ఎవరు చూస్తారని ఇంట్లోనే ఉంచారు. నాయన చీరల అంచులకూ కొంగులకూ బొమ్మలు గీసేవాడు. ఆయన ముందు పెద్ద గ్రాఫ్ కాగితం, ఎర్ర పెన్సిలు ఉండేవి. నెమలి కావాలంటే నెమలిని గీసి, దాన్ని గడులుగా మార్చి, ఒక్కో వరుసకు ఒక్కో అట్ట చొప్పున బెజ్జాలు కొట్టేవాడు. ఆ అట్టలన్నీ దండలా కుట్టి, మగ్గం పైనుండి పోగులను ఎత్తే జాకార్డు యంత్రానికి తగిలిస్తారు. అట్టలో బెజ్జం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది. బెజ్జం లేనిచోట పోగు కదలదు. చీర మీద నెమలి వచ్చేది ఆ లేవడంలో, కదలకపోవడంలో.

నాకు అక్షరాలు ఆ గడుల్లోనే వచ్చాయి. 'అ' అనే అక్షరాన్ని గడుల్లో ఎర్రగా నింపి చూపించేవాడు. ఎక్కాలు గడులు లెక్కపెట్టించి నేర్పాడు. "ఎర్ర గడి అంటే లెయ్ అని చెప్పినట్ల. కాళీ గడి అంటే ఊరకుండు అని చెప్పినట్ల. ఇంతేమ్మా, జాకార్డు చదువంతా ఇంతే," అనేవాడు. నా చిన్నతనమంతా విన్న పాఠం అది. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు స్వామి తరువాత నాయనకే దండం పెడతాను. ఆయన నేర్పినదాంట్లో ఒక్క ముక్కా తప్పు లేదు. దాన్ని తీసుకుపోయి నేను వాడిన చోటు తప్పు.

గ్రాఫులు కంప్యూటరులోకి వచ్చినప్పుడు నాయనతో పాటు నేనూ నేర్చుకున్నాను. ఆయన పోయిన తరువాత ఆ పాత కంప్యూటరు నాకు వచ్చింది. ఇంట్లో రేడియో, మిక్సీ, ఎమర్జెన్సీ లైటు ఏది చెడినా విప్పి చూసేదాన్ని. ఫోనులో వీడియోలు చూసి సోల్డరింగ్ నేర్చుకున్నాను. సర్క్యూట్ బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందని తెలిసి, తెరిచి చూస్తే అందులోనూ గడులే. నాకు కొత్తగా అనిపించలేదు. అడిగిన ప్రశ్నకల్లా ఓపికగా జవాబు రాసిన ముక్కూ మొహం తెలియని మనుషులు ఎందరో ఉన్నారు. వాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నాయన అక్క కొడుకునే నేను చేసుకున్నాను. అందుకని ఆయనను బావా అంటాను. బావ నేతలో దిట్ట. నలభై దాటకముందే మోకాళ్ళు పోయాయి. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని, నాడెతో వేసే ఒక్కో పేకకు, అంటే అడ్డపోగుకు, ఒక్కోసారి కాలిచెక్క తొక్కితే జాకార్డు లేస్తుంది. ఆ బరువంతా మోకాలి మీదే. తరువాత లిఫ్టింగ్ మిషన్లు వచ్చాయి. మగ్గం పైన ఒక మోటారు, దానికి ఒక ఇనుప చెయ్యి ఉంటాయి. కాలికింద చిన్న స్విచ్చి నొక్కితే ఇనుప చెయ్యి జాకార్డును ఎత్తుతుంది, వదిలితే దించుతుంది. ఆ చెయ్యిని నడిపేది గోడకున్న పెట్టెలోని బోర్డు. రెండేళ్ళు బాగా నడిచింది. ఒకరోజు మబ్బు పట్టి, గాలి వీచి, నాలుగు చినుకులు కూడా సరిగ్గా రాలకముందే పిడుగు పడింది. బోర్డు కాలిపోయింది. అమ్మినవాళ్ళ నంబరు పని చేయడం లేదు. మగ్గం మీద చీర సగంలో ఉంది.

"మళ్ళా కాలితో తొక్కేదేనా?" అంది అత్త.

"తొక్కితే ఈ చీర అయ్యేలోపల నా మోకాళ్ళు ఊడి గుంతలో పడతాయి. వెతుక్కోని ఇస్తువులే," అన్నాడు బావ.

"బోర్డు నేను గీస్తా బావా," అన్నాను.

"నెమలిని గీసినట్లనా?"

"దాదాపు అట్లనే."

"సరే గీయి. తోక తక్కువ కాకుండా చూడు."

కాలిన బోర్డును విప్పితే దానిమీద పట్టునూగు, జరీ పొట్టు దూదిలా పేరుకుని ఉన్నాయి. మగ్గాల ఇళ్ళకు బోర్డు గీసేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. జరీలో లోహం ఉంటుంది. కత్తిరించిన ముక్కలు గాలికి లేచి అన్నింటి మీదా వాలతాయి. ఒక ముక్క రెండు రాగి గీతల మీద అడ్డంగా పడితే అది కూడా ఒక గీతే అవుతుంది, మనం గీయని గీత. అందుకని చోటున్నంతవరకు గీతలను దూరదూరంగా వేయాలి. సోల్డరింగ్ అయిన తరువాత పైన వార్నిష్ పూయాలి. వైర్లు బిగించే చోట్లకు, మోటారుకు కరెంటు కలిపి విడదీసే రిలేలకు మాత్రం అంటకుండా చూసుకోవాలి. మొదటి బోర్డుకు నా దగ్గర వార్నిష్ లేక గోళ్ళరంగు పూశాను. బావ చూసి, "ఏమ్మే, దాన్ని పెండ్లికూతుర్ని చేస్తాండావా?" అన్నాడు.

ఇంటి కరెంటు నడిచే గీతలు ఒక పక్కకు, చిప్ వాడే చిన్న కరెంటు గీతలు ఇంకో పక్కకు ఉండాలి. మధ్యలో చిటికెన వేలంత చోటు వదిలేయాలి. ఆ చోటులో ఏమీ పెట్టకూడదు, ఎంత ఇరుకుగా ఉన్నా. మోటారుకు పోయే గీతలు లావుగా ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద పెట్టె మీద చెయ్యి పెట్టలేం, కాబట్టి డబ్బాల్లా ఉండే కెపాసిటర్లను వేడెక్కే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టకూడదు. బోర్డుకు కుంకుమ బొట్టు పెట్టకూడదు. నేను పెట్టాను, చెమ్మకు కారింది, తుడిచాను. పెట్టె మూతకు పెట్టుకోవచ్చు. స్వామి మూత మీది బొట్టునైనా చూస్తాడు.

మా ఇంట్లో చీర బోర్లా నేస్తాం. అంటే నేసేవాడికి కనిపించేది చీర వెనుకవైపు. నాయన గ్రాఫులన్నీ అలాగే, వెనుక నుంచి చూసినట్టే గీసేవాడు. బోర్డు సాఫ్ట్‌వేర్ కింది పొరను కూడా పై నుంచి గాజులోంచి చూసినట్టు చూపిస్తుంది. నేను చేతి అలవాటున దాన్ని మనసులో తిప్పుకుని చిప్ కాళ్ళను గీశాను. గీసింది బోర్డులు తయారుచేసేవాళ్ళకు పంపాను. ఒక మూల రాగితో 'శ్రీ' అని రాశాను. వాళ్ళు, "ఈ ముక్క దేనికీ కలవడం లేదు, తీసేయమంటారా?" అని మెసేజ్ పెట్టారు. ఉండనివ్వమన్నాను. అయిదు బోర్డులు వచ్చాయి. చిప్ పెట్టబోతే కుడివైపు ఉండాల్సిన కాళ్ళు ఎడమవైపున ఉన్నాయి.

నేను వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నాను. బావ వచ్చి విషయం విని నవ్వాడు. "చీరయితే తిప్పి చూసుకుంటాం. బోర్డును గూడా తిప్పెయ్, అంతే గదా."

ఆయన వెక్కిరించడానికి అన్నాడు. కానీ చేయాల్సింది అదే. చిప్‌ను పై నుంచి కాకుండా రాగి ఉన్న వైపు నుంచి గుచ్చితే కాళ్ళన్నీ సరిపోయాయి. చూడడానికి బాగాలేదు, పని చేసింది. ఇలాంటిది రాకుండా ఉండాలంటే గీసినదాన్ని అసలు కొలతకు కాగితం మీద ప్రింటు తీసి, సామాను దాని మీద పెట్టి, కాళ్ళు కాగితంలోకి గుచ్చి చూడాలి. పది నిమిషాల పని. ఇప్పటికీ ప్రతి బోర్డుకూ చేస్తాను.

మొదటి బోర్డు ఇరవై రోజులు నడిచింది. బావ సంతోషంగా ఉన్నాడు. చుట్టుపక్కల నేతగాళ్ళు వచ్చి చూసి పోయేవారు. అత్త వచ్చినవాళ్ళకల్లా, "మా తమ్ముని కూతురు చేసింది," అని చెప్పేది. నా కోడలు అనేది కాదు. అది ఆమె ఇచ్చే పెద్ద గౌరవం.

ఆ ఇరవై రోజుల్లో బావ నాతో ఒక మాట రెండుసార్లు అన్నాడు. "మే, కరెంటు పోయి వస్తానే నీ మిషను ఒక్కతూరి ఉలిక్కిపడతాండాది."

"కొత్తది గదా బావా, అలవాటు పడుతుందిలే," అన్నాను.

బోర్డుకు అలవాటు పడడం ఉండదు. అది నాకు తెలుసు. అయినా ఆ మాట ఎందుకన్నానో ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. చెయ్యి పనిలో ఉండి ఉంటుంది. బోర్డు వాడే మనిషి ఏదైనా వింతగా ఉందంటే, ఆ రోజే విప్పి చూడాలి. ఈ కాగితాల్లో ఒక్క సలహానే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

ఆ రోజు అన్నానికి ముందు కరెంటు పోయింది. జాకార్డు దగ్గర అట్ట ఒకటి ఇరుక్కుందని బావ ముక్కాలిపీట వేసుకుని పైకెక్కాడు. కరెంటు లేదు కదా అని మెయిన్ స్విచ్చి ఆపలేదు. మగ్గాల ఇళ్ళలో ఎవరూ ఆపరు. నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగిన చప్పుడు, దానితోపాటే ఇనుప చెయ్యి లేచిన చప్పుడు వినిపించాయి. ఆ తరువాత బావ ముక్కాలిపీట మీద నుంచి దిగిన చప్పుడు. ఆయన అరవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడి, "కట్టె పక్కనబెట్టు," అన్నాడు. సంగటి కట్టె నా చేతిలోనే ఉంది.

చూపుడు వేలు, మధ్య వేలు. లేచిన ఇనుప చెయ్యికీ పైనున్న చట్రానికీ మధ్య నలిగాయి. ఎదురింటాయన ఆటో తీశాడు. ధర్మవరంలో కట్టు కట్టి అనంతపురం పంపారు. ఆటో తీసినాయనకు, ఆపరేషను గది తలుపు వరకు చక్రాల కుర్చీ తోసిన ఆయమ్మకు, ఎముక నిలబెట్టిన డాక్టరుకు నేను దండాలు పెట్టాను. నా చేతులు పెట్టాయి. డాక్టరు మంచిమనిషి. "వేళ్ళు ఉంటాయమ్మా. స్పర్శ వస్తుందో రాదో మాత్రం చెప్పలేను," అన్నాడు. వేళ్ళు ఉన్నందుకు స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను. మాట ఉంది. మాట లోపల ఏమీ లేదు. పొద్దున దీపం పెడతాను, సహస్రనామం పుస్తకం తెరుస్తాను, కళ్ళు చదువుకుంటూ పోతాయి, చివరి పేజీ వస్తుంది, మూస్తాను. ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. ఇనుప చెయ్యికి అంటిన రక్తం మీద పట్టునూగు అతుక్కుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ ఉతికి ఆరేశాను.

మూడోరోజు బోర్డును విప్పాను. చిప్‌కు కరెంటు ఇచ్చి, మీటరు పెట్టి, ఆపి, మళ్ళీ ఇచ్చి చూశాను. చిప్‌కు కరెంటు రాగానే అది వెంటనే పనిలోకి దిగదు. నిద్రలేచేందుకు రెప్పపాటు కాలం పడుతుంది. ఆ రెప్పపాటులో దాని కాళ్ళు లెయ్ అని చెప్పవు, వద్దనీ చెప్పవు. ఆ కాలి నుంచి రిలేను నడిపే ట్రాన్సిస్టర్‌కు నేను వేసిన గీత ఆ సమయంలో గాలిలో వేలాడే పోగులాంటిది. పక్కన ఏ కరెంటు కదిలినా అటో ఇటో పోతుంది. ఎక్కువసార్లు ఊరకుంటుంది. కొన్నిసార్లు ఉలిక్కిపడుతుంది. ఒకసారి పూర్తిగా లేస్తుంది.

అది రాకుండా ఉండాలంటే ఆ గీతను ఒక చిన్న రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు, అంటే కరెంటు సున్నాగా ఉండే గీతకు, కట్టి ఉంచాలి. అప్పుడు ఎవరూ ఏమీ చెప్పనంతసేపు అది వద్దనే అంటుంది. ఆ రెసిస్టర్ బియ్యపుగింజంత. నేను దాన్ని పెట్టలేదు. మరిచిపోయి కాదు, అవసరం ఉందని తోచలేదు. ఏమీ చెప్పకపోతే ఊరకుండమన్నట్టే కదా అనుకున్నాను. ఖాళీ గడి అంటే వద్దు.

నాయన కొట్టిన పాత అట్ట ఒకటి పూజ అలమరలో ఉంది. దాన్ని తెచ్చి చూశాను. బెజ్జం లేనిచోట అట్ట ఉంది. గట్టి అట్ట. జాకార్డు సూదిని తోసి, పోగు లేవకుండా ఆపేది అదే. నాయన కాళీ అన్నచోట ఒక వస్తువు ఉంది. నా బోర్డులో ఖాళీగా ఉన్నచోట నిజంగానే ఏమీ లేదు. ఇంత చిన్న సంగతి అట్టను చేతిలో పట్టుకుని పెరిగిన నాకు తెలియలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే బటన్ ఒకటుంటుంది. దాన్ని నొక్కితే నా 'శ్రీ' దేనికీ కలవలేదని ఎర్రగా చూపించింది. రెసిస్టర్ లేదని చూపించలేదు. అది మనం గీసినదాంట్లో తప్పులు వెతుకుతుంది. గీయనిదాన్ని మనమే వెతుక్కోవాలి.

బావకు అదంతా చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని, కట్టు కట్టిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"అంటే నేను చెప్పింది అదేనా? ఉలిక్కిపడేది?"

"అదే."

"నేనూ మెయిన్ ఆపలేదులే," అన్నాడు. అంతకుమించి ఆ రోజుగానీ తరువాతగానీ ఒక్క మాట అనలేదు.

అత్త అంది. "మా తమ్ముడు నీకు గడులు నింపేది నేర్పిచ్చినాడు గానీ, నా కొడుకు చెయ్యి పెట్టి నింపమని చెప్పలేదే తల్లీ." నేను పళ్ళెంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. నాకు కోపం రావాల్సింది, లేదా బాధ. పళ్ళెంలో రాళ్ళు మాత్రం స్పష్టంగా కనిపించాయి.

కట్టు విప్పారు. వేళ్ళు వంగుతున్నాయి. సూది గుచ్చినా తెలియడం లేదు. తెగిన పట్టుపోగును అతికేది చూపుడువేలి కొస, మధ్యవేలి కొస. కంటికి సరిగ్గా కనిపించని పోగు వేలికి తెలుస్తుంది. రాయదుర్గంలో బావ పిన్నమ్మ కొడుకు జీన్స్ కుట్టే యూనిట్‌లో ఉన్నాడు. అతను ఫోను చేశాడు. స్పీకరులో నాకూ వినిపించింది.

"ఏమన్నా, ఈడ చెకింగ్ పని ఉండాది. కుట్టు సరిగ్గా ఉందా లేదా చూసి పక్కన పెట్టేదే. కండ్లుంటే చాలు, వేళ్ళతో పన్లేదు. మగ్గం ఎవరికన్నా ఇచ్చేసి రాప్పా."

"అమావాస్య అయినాక చెప్తా," అన్నాడు బావ.

ఫోను పెట్టిన తరువాత మగ్గం వైపు చూశాడు. సగం నేసిన చీర మీద పాత పంచె కప్పి ఉంది. "పోగు తెలీనోడు దీంట్లో కూర్చోని ఏం చేస్తాడు?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. పోతే ఆయన ఒక్కడే పోవాలి. అత్త ఊరు వదలదు. పద్దెనిమిదో ఏట నుంచి ఆయన కూర్చున్న గుంత అది.

"నేను ఇంకో బోర్డు గీస్తా," అన్నాను.

అత్త నోరు తెరిచింది. బావ చెయ్యెత్తి ఆపాడు. "గీయనీ అమ్మా. అమావాస్య దాకా టైముండాది గదా."

రెండో బోర్డును నేను భయంతోగానీ పట్టుదలతోగానీ గీయలేదు. గిన్నెలు తోమినట్టు గీశాను. అందులో మీకు పనికొచ్చేవి ఇవి. కదిలే వస్తువును నడిపే ప్రతి గీతకూ, ఎవరూ ఏమీ చెప్పనప్పుడు అది ఏం చేయాలో రాగితో చెప్పి ఉంచాలి. ఆ రెసిస్టర్‌ను చిప్ పక్కన పెట్టకుండా ట్రాన్సిస్టర్ కాలిని ఆనుకుని పెట్టాలి. మధ్యలో గీత తెగినా అప్పుడది పని చేస్తుంది. కాలి స్విచ్చి గీతను కూడా అలాగే కట్టాలి. కరెంటు వచ్చిన తరువాత చిప్ తనంతట తాను పని మొదలుపెట్టకూడదు. మగ్గంలో కూర్చున్న మనిషి ఒక ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా ఆగాలి.

ఇవన్నీ చిప్ మాట వింటేనే పని చేసేవి. చిప్ మాట వినకపోతే? అందుకని ముక్కాలిపీటకు గోడమీద ఒక కొక్కెం కొట్టించాను. కొక్కెం వెనుక స్విచ్చి పెట్టాను. పీట కొక్కేనికి తగిలి ఉంటేనే రిలేకు కరెంటు అందుతుంది. పైకెక్కడానికి పీట తీస్తే, ఏ చిప్ ఏం చెప్పినా మోటారు కదలదు. మా ఇంట్లో జాకార్డు ఎక్కాలంటే ఆ పీట తీయాల్సిందే కాబట్టి ఇది మా ఇంటికి సరిపోయింది. మీ ఇంట్లో మనుషులు ఏం చేస్తారో చూసి మీరు పెట్టుకోవాలి. ఏ గీత దేనిదో బోర్డు మీద తెలుగులో రాయించాను. నేను లేకపోయినా ఇంకొకరు బాగుచేయగలగాలి. 'శ్రీ' ఈసారి కూడా రాశాను. గోళ్ళరంగు వద్దనుకుని వార్నిష్ తెప్పించాను.

బోర్డులు అమావాస్యకు ముందురోజు వచ్చాయి. అమావాస్యనాడు మా ఊళ్ళో మగ్గాలు ఆడవు. ఊరంతా చప్పుడు లేకుండా ఉంది. పొద్దున పూజ అయ్యాక బోర్డును పెట్టెలో బిగించాను. ఇనుప చెయ్యికీ చట్రానికీ మధ్య, బావ వేళ్ళు నలిగిన సందులో ఒక బెండకాయ పెట్టాను. మెయిన్ వేయడం, తీయడం, వేయడం, తీయడం. ఎన్నిసార్లు చేశానో గుర్తుండదని అత్తను లెక్కపెట్టమన్నాను. ఆమె లోపలికి పోయి జపమాల తెచ్చుకుంది. ఒక్కోసారికి ఒక్కో పూస జరుపుతూ, పెదవులు కదుపుతూ కూర్చుంది. నూటెనిమిది అయ్యాక, "ఆయ," అంది. బెండకాయను తీసి రెండువైపులా తిప్పి చూసింది. నలగలేదు. దాన్ని తీసుకుపోయి కూరలో వేసింది.

అప్పుడు బావ లేచాడు. ముక్కాలిపీటను కొక్కేనికే ఉండనిచ్చి, మూలనున్న ఇనుప ట్రంకు పెట్టె జరుపుకుని దానిమీద ఎక్కాడు.

"బావా, పీట తీసి ఎక్కు. పీట తీస్తే అసలు కదలదు," అన్నాను.

"అది తెలుసు. అది లేకుండా కూడా నీ రవ్వంత రెసిస్టర్ పని చేస్తాదా లేదా చూడల్ల." కుడిచెయ్యి సందులో పెట్టాడు. ఆ రెండు వేళ్ళే. "వెయ్యి."

నా చెయ్యి మెయిన్ మీద ఉంది. వేయలేదు.

"వెయ్యి మే. ఈ వేళ్ళకు ఏమీ తెలీదు. కదిలిందో లేదో నువ్వే చూసి చెప్పల్ల."

వేశాను. ఫ్యాను తిరిగింది. నేను ఇనుప చెయ్యిని చూశాను. దాని అంచున తుప్పు, తుప్పు పక్కన ఒక నూగుపోగు, అది ఫ్యాను గాలికి ఊగడం చూశాను. చెయ్యి కదలలేదు.

"లేదు," అన్నాను.

"మళ్ళా."

తీసి వేశాను. "లేదు."

"ఇంకోతూరి."

"లేదు బావా."

ఆయన దిగాడు. వేళ్ళను ఒకసారి తిప్పి చూసుకుని, గుంత గట్టుమీద కూర్చున్నాడు. అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. బావ అన్నాడు, "ఇది సరే. పోగు తెగితే ఎవరు అతుకుతారు?"

"నేను అతుకుతా."

"పొద్దన్నుంచి సాయంత్రం దాకా పక్కన కూర్చోవల్ల."

"కూర్చుంటా."

"నీ బోర్డులు?"

"ఈడనే పెట్టుకుంటా. నువ్వు నాడె వేస్తా ఉంటే నేను గీసుకుంటా ఉంటా."

అత్త వంటింట్లోంచి, "సంగటి నేను కెలుకుతాలే," అంది.

బావ ఫోను తీసి రాయదుర్గానికి చేశాడు. "లేదప్పా, రాలేను. లేదులే, కోపమేం లేదు. చీర సగంలో ఉండాది." అవతల అతను ఏదో అన్నాడు. బావ నవ్వాడు. "ఆఁ, వేళ్ళు ఉండాయి. మా ఇద్దరికీ కలిపి ఇంకా పద్దెనిమిది ఉండాయి పనికొచ్చేవి," అన్నాడు.

మరుసటిరోజు చీర మీద కప్పిన పంచె తీశాం. నేను దీపం పెట్టి, పెట్టె మూతకు బొట్టు పెట్టి, బావకు ఎడమవైపున ఇంకో చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. స్వామికి ఏమని చెప్పుకోవాలో తోచలేదు. ఇంట్లో ఉన్నవాటిని వరుసగా తలచుకున్నాను. నాయన అట్ట, అత్త జపమాల, ఎదురింటాయన ఆటో, బెండకాయ. అంతవరకు వచ్చి ఆగాను. లోపల ఇంకా అలాగే ఉంది, మొద్దుగా. అది ఎప్పుడు పోతుందో తెలియదు. పోకపోయినా పని ఆగదని మాత్రం అప్పటికి తెలిసింది.

బావ ఆకుపచ్చ బటన్ నొక్కాడు. కాలితో స్విచ్చి తొక్కితే ఇనుప చెయ్యి లేచింది, వదిలితే దిగింది. నాలుగు వేళ్ళంత నేశాక అంచు దగ్గర పోగు ఒకటి తెగింది. బావకు తెలియలేదు. నాకు కనిపించింది. "ఆగు," అన్నాను. ఆయన కాలు తీశాడు. రెండు కొసలూ పట్టుకుని, ఉమ్మితో తడిపి, నులిమి అతికాను. లాగి చూశాను, నిలిచింది.

"ఊఁ," అన్నాను. బావ తొక్కాడు.